గంజి పోని దుప్పటి

ఎమ్మిగనూరులో నాగవేణి చేతికి ఒక పేరుంది. దుప్పటి ఏదైనా సరే, బల్ల మీద పరిచి ఒక్కసారి అరచేత్తో నిమిరిందంటే చాలు, తెగిన పోగు ఎక్కడుందో, ముడి ఎక్కడ పడిందో, నేసినవాడు ఏ మూలకొచ్చేసరికి విసుక్కున్నాడో చెప్పేస్తుంది. చేనేత సొసైటీ గోదాములో పంతొమ్మిదేళ్లుగా ఆమె పని అదే. మరక పడిన దుప్పటిని ఆమె ఒక్కనాడూ వదల్లేదు. నేతగాళ్లు బతిమాలుకున్నా, అలిగినా, చుట్టరికాలు కలిపినా పక్కన పడేసేది. "నాగవేణమ్మవి కండ్లు కాదప్పా, భూతద్దాలు" అని అందరూ ఆటపట్టించేవాళ్లు. ఆమె పైకి కసురుకున్నా లోపల మురిసిపోయేది. ఆ మురిపెమే చివరికి ఆమె కొంప ముంచింది.

ఆమె తండ్రి లక్ష్మప్పకు డెబ్బై రెండేళ్లు. నలభై ఏళ్లు గుంటమగ్గంలో కాళ్లు దింపి కూర్చున్న మనిషి. పొద్దున్నే దిగాడంటే మధ్యాహ్నం దాకా పైకి లేచేవాడు కాదు. దాహమైతే నోరు తెరిచి పిలిచే అలవాటు కూడా లేదు, ఆ చప్పుడులో ఎవరికి వినబడుతుంది? నేత ఆపి, చేతిలోని, పోగును అటూ ఇటూ నడిపే నాడెతో మగ్గం గుంజ మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. టక్ టక్. వంటింట్లోంచి నాగవేణి తల్లి నీళ్లచెంబు పట్టుకుని వచ్చేది. ఆమె పోయాక ఆ చెంబు నాగవేణి చేతికి వచ్చింది. పెళ్లయిన ఏడాదికే మొగుడితో పొసగక పుట్టింటికి వచ్చేసిన కూతురిని ఆ తండ్రి ఒక్క మాట అనలేదు. ఎందుకు వచ్చావని అడగలేదు. మర్నాడు గుంజ మీద రెండు దెబ్బలు కొట్టి, ఆమె తెచ్చిన నీళ్లు తాగి, మళ్లీ పనిలో పడ్డాడు. ఆ ఇంట్లో ఆమెకు దొరికిన ఓదార్పు అదొక్కటే, అది చాలింది కూడా.

మగ్గం ఆగిపోయి నాలుగేళ్లయింది. ఈ ఏడాది ఎండాకాలంలో నడుము నొప్పి అంటూ మొదలై కర్నూలు దాకా పోతే, మూత్రసంచి దగ్గర పుట్టిన క్యాన్సరు ఎముకలన్నిటికీ పాకిందని డాక్టర్లు తేల్చేశారు. రెండు నెలలు, మహా అయితే మూడు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తీసుకొచ్చింది. పక్కకు తిప్పితే కేక, తిప్పకపోతే పుండు. గోదాముకు పోకపోతే పూట గడవదు, పోతే మనసు ఇంటి దగ్గరే. ఒకరోజు సాయంత్రం వచ్చేసరికి తండ్రి మంచం కింద పడి ఉన్నాడు. పదింటికి పడ్డాడట. ఎదురింటి దేవక్కకు టీవీ చప్పుడులో వినబడలేదు. ఆ రోజు నాగవేణి తల గోడకేసి కొట్టుకుంది.

పుండ్లకు కట్టు కట్టడానికి వచ్చే నర్సు లత అప్పుడు చెప్పింది.

"ఆదోనిలో ఇట్లాటోళ్లను చూసేవి రెండుండాయక్కా. బాగయ్యేదానికి కాదు, ఉన్నన్నాళ్లు నొప్పి లేకుండా చూసుకునేదానికి. రెండిటికీ పోయి చూసి రా. ఒక పని చెయ్, ఈ మూడూ అడుగు." అని మందుల చీటీ వెనక రాసిచ్చింది. నొప్పికి మార్ఫిన్ మాత్ర ఉందా. ఎప్పుడంటే అప్పుడు వచ్చి చూడనిస్తారా. రోజుకు ఎన్నిసార్లు నీళ్లు తాగిస్తారు, ఎన్నిసార్లు పక్క మారుస్తారు. "గోడలు చూసి మోసపోవద్దక్కా" అని కూడా అంది.

నాగవేణి చీటీని మడిచి పర్సులో పెట్టుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకు కొంచెం నవ్వొచ్చింది. నాణ్యత చూడడం ఈ పిల్ల నాకు నేర్పుతుందా అనుకుంది.

మొదట లాలాబీ అనే ముసలామె నడిపే ఇంటికి వెళ్లింది. ఆదోని పాత ఊళ్లో, ఆటో పట్టని సందు. ఒకప్పుడు పత్తి బేళ్లు నింపిన కొట్టు. బోర్డు లేదు. వాకిలి బార్లా తెరిచి ఉంది. లోపల పదకొండు మంచాలు, నడుమ పెద్ద గిన్నెలో రాగంబలి. అరవై దాటిన లాలాబీ నేల మీద కూర్చుని ఒక ముసలాయనకు చెంచాతో పోస్తోంది. సగం నోట్లోకి, సగం దుప్పటి మీదికి. ఇంకో మూల నుంచి సారమ్మ అనే అవ్వ "నీళ్లు! ఓ పిల్లా, నీళ్లు!" అని గొంతు చించుకుంటోంది. "వస్తాండా అవ్వా, కాళ్లు రెండే కదా నాకుండేది" అంటూ లాలాబీ మనవరాలు అర్షియా చెంబుతో పరుగెత్తింది. పెరటి నిండా దండేలు, దండేల నిండా తడి బట్టలు. ఇల్లంతా ఉచ్చ కంపు.

నాగవేణి చెయ్యి దానంతటదే దగ్గర్లోని మంచం మీదికి పోయింది. దుప్పటి ఉతికి ఉతికి నలిగి, మంచం నవారు కనబడేంత పలచబడింది. ఒక మూల టీ మరక, నడుమ పచ్చగా ఇంకా పెద్ద మరక. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని చీర కొంగుకు తుడుచుకుంది. లాలాబీ అది చూసింది, చూడనట్టే ఉంది.

"ఎప్పుడన్నా రా బేటీ, పొద్దున గానీ మాపటికి గానీ. ఈ వాకిలి మూసేది లేదు. డాక్టరు వారానికి రెండుతూర్లు వస్తాడు, నొప్పి మాత్ర ఉంది. నీళ్లంటావా, అడిగినోళ్లకు అడిగినన్ని తూర్లు, అడగనోళ్లకు గంటకొకతూరి. పక్క మార్చేది రెండు గంటలకొకతూరి" అంది, ఎవరూ అడగకుండానే.

చీటీలోని మూడింటికీ జవాబు వచ్చేసిందని నాగవేణికి తట్టనే లేదు. ఆమె కళ్లు ఆ పచ్చ మరక మీదే ఉన్నాయి. నాన్నను ఈ కంపులో పడేయాలా అనుకుంది. ఆలోచించి చెప్తానని బయటపడింది.

రెండోది ఊరి బయట, ఆలూరు పోయే దారిలో. గేటు మీద 'సుఖాంత సేవా సదనం' అని నీలం అక్షరాలు. గేటు దగ్గర వాచ్‌మన్, లోపల తులసి మొక్కలు, ఇస్త్రీ చొక్కాలో మేనేజరు జగదీష్. ఫినాయిల్ వాసన తప్ప ఇంకే వాసనా లేదు. హాల్లో ఎనిమిది మంచాలు. ఎనిమిదింటి మీదా తెల్లటి దుప్పట్లు, మడత చెదరకుండా బిగించి పరిచి ఉన్నాయి. వాటి మీద ఎనిమిది మంది కళ్లు మూసుకుని పడుకున్నారు. కేక లేదు, మూలుగు లేదు. నెలన్నరగా తండ్రి కేకలతో నిద్ర లేని నాగవేణికి ఆ నిశ్శబ్దం చూసి ఏడుపొచ్చినంత పనైంది.

ఒక దుప్పటి నిమిరింది. వేళ్ల కింద గంజి కరకరలాడింది.

"కొత్తవా సార్?"

"ఆర్నెల్లయిందమ్మా. ఒక్క మరక చూపించండి చూద్దాం" అన్నాడు జగదీష్ నవ్వుతూ.

నాగవేణి పట్టుదలగా మూడు మంచాలు వెతికింది. చూపించలేకపోయింది. "మా గోదాములో కూడా ఇంత శుభ్రంగా ఉండవు సార్" అంది మనస్ఫూర్తిగా. చూడడానికి ఆదివారం మూడు నుంచి ఐదు దాకా రావచ్చన్నాడు. తలూపింది. పర్సులోని చీటీ పర్సులోనే ఉండిపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మగ్గం మీంచి దిగిన బట్టకు గంజి ఉంటుంది. రెండు ఉతుకులు పడితే ఆ కరకర పోతుంది, పది పడితే మెత్తబడుతుంది. రోగుల దుప్పట్లకు మళ్లీ గంజి ఎవరూ పెట్టరు. ఈ సంగతి ఎమ్మిగనూరులో బడికి పోయే పిల్లలకు కూడా తెలుసు. లేవలేని రోగి కింద ఆర్నెల్లు ఉన్న దుప్పటికి గంజి పోలేదంటే ఏమిటి అర్థం? నాగవేణి చెయ్యి ఆ మాట ఆ రోజే చెప్పింది. ఆమె వినలేదు. మరక లేదన్న సంబరంలో ఆమెకు ఇంకేమీ వినపడలేదు.

రెండు రోజులకు అక్కడ ఒక మంచం ఖాళీ అయితే లక్ష్మప్పను సుఖాంతలో చేర్చింది. మొదటి ఆదివారం వెళ్తే తండ్రి గాఢనిద్రలో ఉన్నాడు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చామన్నారు. కళ్లు తెరవకపోయినా, కేకలు లేవు కదా, అదే పదివేలు అనుకుంది. రెండో ఆదివారమూ అంతే. చెంపలు లోపలికి పోయాయి, జబ్బు మనిషి కదా అని సర్దిచెప్పుకుంది. పెదవులకు వాజలీన్ రాసి ఉంది. ఎంత శ్రద్ధ అని మెచ్చుకుంది.

మధ్యలో ఒకసారి ఫోన్ చేస్తే జగదీష్ చెప్పాడు.

"ఏం ఇబ్బంది లేదమ్మా. మంచం పట్టీ మీద తట్టుకుంటూ ఉంటాడు, అంతే. నేతపని చేసిన చేతులు కదా, కలలో మగ్గం నేస్తున్నాడేమో."

ఆ మాటకు నాగవేణికి కళ్లు చెమర్చాయి. వీధి అరుగు మీద కూర్చుని దేవక్కతో చెప్పుకుంది. "మా నాయన నేస్తాండాడంటక్కా. నొప్పి లేకనే కదా నేసేది."

"పుణ్యాత్ముడమ్మా" అంది దేవక్క.

మూడో వారం, బుధవారం. ఆదోనిలో ఒక బట్టల షావుకారుకు నమూనాలు చూపించమని సొసైటీ వాళ్లు నాగవేణిని పంపారు. ఆయన కొన్ని ఉంచుకుని మూడు దుప్పట్లు వెనక్కిచ్చాడు. పదకొండింటికే పని అయిపోయింది. ఇంత దూరం వచ్చి నాన్నను చూడకుండా బస్సెక్కడానికి మనసు ఒప్పలేదు. మూటను చంకన పెట్టుకుని ఆలూరు రోడ్డు ఆటో ఎక్కింది.

వాచ్‌మన్ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఆదివారం రాపోమ్మా" అనబోయి మూట చూశాడు. "దుప్పట్లు ఇచ్చేదానికి వచ్చినావా?" అన్నాడు. నాగవేణి అవునన్నట్టు తలూపింది. ఎందుకు అబద్ధమాడిందో ఆమెకే తెలియదు. వాడు గేటు తీశాడు.

వరండాలో ఉండగానే వినబడింది.

టక్ టక్.

కాసేపు ఏమీ లేదు. మళ్లీ, టక్ టక్.

నాగవేణి కాళ్లు ఆగిపోయాయి. అది నేత చప్పుడు కాదు. నేతలో నాడె అటూ ఇటూ ఆడుతుంది, పోగును బిగించే పలక పడుతుంది, ఆ దెబ్బలకొక వరుస ఉంటుంది. ఇది రెండే రెండు దెబ్బలు.

హాల్లోకి ఉరికింది. లక్ష్మప్ప కళ్లు తెరిచే ఉన్నాడు. చూసేవాళ్ల కోసం ఆదివారం ఇచ్చే ఇంజెక్షన్ బుధవారం ఎందుకు ఇస్తారు? పెదవులు పగిలి నెత్తురు ఎండిపోయి ఉంది. నాలుక నల్లబడి, నోట్లో చెక్కముక్కలా ఉంది. కుడిచేతి వేళ్ల కణుపులు ఒరుసుకుపోయాయి. ఆ వేళ్లతోనే మంచం ఇనుప పట్టీ మీద కొడుతున్నాడు. కూతురిని చూసి కూడా చెయ్యి ఆపలేదు, ఇంకా గట్టిగా కొట్టాడు. టక్ టక్.

ఎనిమిది మంచాల దగ్గరా చూసింది. ఒక్క చెంబు లేదు, ఒక్క గ్లాసు లేదు, సీసా లేదు.

"నీళ్లు! నీళ్లు యాడుండాయి?" అని అరిచింది. ఆ హాల్లో అంత గట్టిగా ఎవరూ అరిచి ఉండరు. ఆయా గౌరమ్మ చీపురు చేతిలో పట్టుకుని వచ్చి, ఆఫీసు గది వైపు బెదురుగా చూసి, గొంతు తగ్గించింది.

"పూటకొక సీసా మూతడు నీళ్లు ఇయ్యమన్నారమ్మా. దాని మీద ఇస్తే తిడతారు. తాగితే పోసుకుంటారంట, పోసుకుంటే దుప్పట్లు పాడైతాయంట. ఉతికేదానికి నేనొక్కదాన్నే ఉండా. నేనేం జేద్దు తల్లీ."

నాగవేణి తండ్రి కింద పరిచిన దుప్పటిని చూసింది. తెల్లగా ఉంది. మడత కూడా చెదరలేదు. చేత్తో పట్టుకుని నలిపింది. గంజి కరకరమంది. అప్పుడు అర్థమైంది ఆమెకు. మొదటిరోజే వేళ్ల కిందికి వచ్చిన నిజం, ఇరవై రోజుల తర్వాత తలలోకి ఎక్కింది.

వంటగదిలోకి పోయి బిందె ఎత్తుకొచ్చింది. కొంగు తడిపి తండ్రి పెదవుల మీద పిండింది. ఆయన ఆ కొంగును పసిపిల్లాడిలా చీకాడు. మింగలేక దగ్గాడు, దగ్గుతూనే మళ్లీ నోరు తెరిచాడు. పక్క మంచం మీది మనిషి చెయ్యెత్తాడు. అవతలి మంచం మీది ఆడమనిషి నోరు తెరిచింది. నాగవేణి గౌరమ్మ చేతిలోని చీపురు లాగేసి గ్లాసు పెట్టింది. "పొయ్. అందరికీ పొయ్. ఎవురేమంటారో నేను జూస్తా." గౌరమ్మ ఏడుస్తూ మంచం మంచానికీ తిరిగింది.

అలికిడికి జగదీష్ వచ్చాడు. మొదట వాచ్‌మన్‌ను తిట్టాడు. తర్వాత నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు. ఈ స్థితిలో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయన్నాడు, తడిలో పడుకుంటే పుండ్లవుతాయన్నాడు, అంతా వాళ్ల మంచికే అన్నాడు. నాగవేణి అతని మొహం మీదే ఉమ్మేయబోయి ఆగింది.

"మడిసిని ఎండబెట్టి దుప్పటి కాపాడతావా? నువ్వు మడిసివేనా?"

జగదీష్‌కూ కోపం వచ్చింది. "ఆ రోజు మీరు ఏం చూశారమ్మా? వాళ్ల మొహాలు చూశారా? దుప్పట్లు తడిమి తడిమి చూసి మెచ్చుకున్నారు. వచ్చేవాళ్లందరూ చూసేది అదే. అడిగేది అదే. మేము చేసేదీ అదే."

వాడు దుర్మార్గుడే, సందేహం లేదు. కానీ ఆ మాటలో అబద్ధం లేదు. అదే ఆమెను నిలువునా కోసింది.

ఆటోలో తండ్రి తలను ఒడిలో పెట్టుకుని పాత ఊరికి వచ్చింది. సందులోకి ఆటో పట్టకపోతే అర్షియా, పక్క కొట్టు వాళ్లు మంచం తెచ్చి మోసుకుపోయారు. లాలాబీ ఏమీ అడగలేదు. అప్పుడే ఎందుకు రాలేదనీ అనలేదు. ఆ ఒక్క మాట అనుంటే నాగవేణికి కొంచెం తేలికయ్యేది. ముసలామె చెంచా తెచ్చి, లక్ష్మప్ప తలను మోచేతి మీదికి ఎత్తుకుని, ఒక్కొక్క చుక్కా నాలుక మీద వేసి, మింగేదాకా ఆగి, మళ్లీ వేసింది. అట్లా అరగంట. తర్వాత మార్ఫిన్ మాత్ర నూరి తేనెలో పెట్టింది.

"కింద పరిచేదానికి ఆరిన దుప్పటి లేదు నానీ" అంది అర్షియా అమ్మమ్మతో, దండేలు చూసి.

నాగవేణి మూట విప్పి ఒక నమూనా దుప్పటి తీసింది.

"కొత్తది గదమ్మా, పాడైపోతాది" అంది లాలాబీ.

"పాడు కానీమ్మా. పాడైతే అంతకంటే ఏం గావల్ల నాకు."

లాలాబీ ఆమెను పక్కకు తీసుకుపోయి ఉన్నమాట చెప్పింది. "చానా రోజులు ఎండినాడు బేటీ. మాపటికో రేపటికో ఒంటికి పోసి పక్క తడిపినాడంటే లోపల ఇంకా పని జరుగుతాందని. పోయకపోతే మాత్రం..." అని ఆపింది. "నీళ్లు మాత్రం ఇద్దాం. అడిగినన్ని తూర్లు."

నాగవేణి గోదాముకు సెలవు చెప్పి ఆ మంచం పక్కనే కూర్చుంది. మంచం పట్టీ మీద రెండు దెబ్బలు పడితే చాలు, చెంచా అందుకునేది. మొదటి రోజు పదమూడు సార్లు కొట్టాడు. నొప్పి మాత్రకు మొహంలో బిగువు సడలింది. ఒకసారి కళ్లు తెరిచి, "ఈ నీళ్లు తియ్యగుండాయి పాపా" అన్నాడు. చాలా ఏళ్ల తర్వాత పాపా అన్నాడు. నాగవేణి ఏడవకూడదని పళ్లు బిగబట్టింది. "నా తప్పే నాయనా" అంది. ఆయనకు ఏ తప్పో తెలియదు. మళ్లీ నిద్రలోకి జారుకున్నాడు.

గంటకోసారి దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి చూసేది. పొడి. మళ్లీ గంటకు చూసేది. పొడి. పంతొమ్మిదేళ్లు మరక కనబడితే మొహం చిట్లించిన మనిషి, ఇప్పుడు అరచేతికి తడి తగలాలని ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకుంది. ఎదుటి మంచం మీద సారమ్మ పొద్దున్నుంచి రెండుసార్లు పక్క తడిపింది, అర్షియా విసుక్కుంటూనే మార్చింది. నాగవేణి ఆ పచ్చ మరకను చూసి అసూయపడింది. నిజంగానే అసూయపడింది.

రెండో రోజు మధ్యాహ్నం లత ఫోన్ చేసింది. నాగవేణి తొలిరోజే ఫోన్లో చెప్పిందంతా రాసి పై ఆఫీసుకు పంపితే, ఆఫీసర్లు ఇద్దరు సుఖాంతకు వెళ్లారట. జగదీష్ దగ్గరుండి హాలంతా చూపించాడట.

"ఏమన్నారు?" అంది నాగవేణి.

"దుప్పట్లు చానా శుభ్రంగా ఉండాయని రాసుకోని పోయినారక్కా" అంది లత. "నేను ఊరుకోనులే. మళ్లా పంపుతా. గౌరమ్మతో సంతకం జేపిస్తా."

ఆ రోజు లక్ష్మప్ప ఆరుసార్లు కొట్టాడు. మూడో రోజు తెల్లవారి ఒక్కసారి. నాగవేణి చెంచా పట్టుకుని వంగేసరికి ఆయన ఒక గుటక మింగాడు. రెండో చెంచా పెదవుల పక్కనుంచి మెడ మీదికి జారిపోయింది. లాలాబీ వచ్చి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఆయన కళ్లు మూసింది.

ఎమ్మిగనూరు తీసుకుపోవడానికి బండి వచ్చింది. నలుగురు కలిసి లక్ష్మప్పను ఎత్తారు. అర్షియా అలవాటుగా మంచం మీది దుప్పటి లాగి, ఉతుకుడు బట్టల కుప్పలో వేయబోయి చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. నాగవేణి దాన్ని తీసుకుంది. గోదాములో పట్టుకున్నట్టే వాకిలి వెలుతురుకు ఎత్తి పట్టింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా అరచేత్తో నిమిరింది. గంజి ఇంకా కరకరమంటూనే ఉంది. ఎంత వెతికినా ఒక్క మరక లేదు.